గోడవతలి మగ్గం

ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం కలిసొచ్చినవాళ్ళకి ముందు కారొస్తుంది, తర్వాత మార్బుల్ పరిచిన ఇల్లొస్తుంది, ఆ పైన ఏం తెచ్చుకోవాలో తోచక షుగరొస్తుంది. హరికృష్ణకి ఈ మూడూ వచ్చాయి. నాలుగోదిగా హోం థియేటర్ తెచ్చుకున్నాడు.

అందులో తప్పేం లేదు. చిన్నప్పటి నుంచీ మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని పెరిగినవాడు. నాయన పోయాక నేత వదిలేసి, చీరల మూట స్కూటర్‌కి కట్టుకుని హిందూపురం, పెనుకొండ వీధులన్నీ ఎండనక వాననక తిరిగినవాడు. ఇప్పుడు సొంత అంగడి. ఊళ్ళో చాలామంది నేతగాళ్ళు ఆయన ఇచ్చిన పడుగుల మీదే నేస్తారు. అలాంటి మనిషి మధ్యాహ్నం అన్నం తిని, ఏసీ వేసుకుని, కాళ్ళు చాపుకుని ఒక సినిమా చూస్తానంటే అడ్డం చెప్పడానికి మనమెవరం? తప్పు సినిమాలో లేదు. గోడ దగ్గర వచ్చింది.

ఆ వీధిలో పాత ఇళ్ళన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. రెండిళ్ళకీ మధ్య ఒకే గోడ. హరికృష్ణ ముందు భాగమంతా పడగొట్టి కొత్తగా కట్టుకున్నాడు కానీ, వెనక నాయన మగ్గం ఉన్న గదిని మాత్రం అలాగే ఉంచాడు. పొడుగాటి గది, కిటికీలు లేవు, సినిమాకి ఇంతకంటే మంచిది దొరకదు. ఆ గది గోడకి అవతలే నరసప్ప మగ్గం. నరసప్పని హరికృష్ణ మామా అని పిలుస్తాడు. చుట్టరికం దూరపుదే అయినా మనిషి దగ్గరివాడు. హరికృష్ణకి పడుగు మధ్యలోంచి పేక నాడె విసరడం నేర్పింది ఆయనే. అంచు దగ్గర పోగు తెగితే ముడి కనపడకుండా అతకడం నేర్పిందీ ఆయనే. ఈరోజుకీ అంగట్లో పెళ్ళి చీర కావాలని ఎవరైనా వస్తే, హరికృష్ణ ఆ డిజైన్ అట్టలు నేరుగా నరసప్ప ఇంటికే పంపిస్తాడు. ఇంకొకరి చేతిలో పెట్టడు.

గదిలో పెద్ద తెర, చుట్టూ స్పీకర్లు, మూలన బరువైన మోతకి బీరువా అంత సబ్‌ఊఫర్ పెట్టించాక హరికృష్ణ మొదటి సినిమా వేసుకుని కూర్చున్నాడు. హీరో మాట్లాడితే బావిలోంచి మాట్లాడినట్టుంది. పైగా హీరోయిన్ ఏడ్చే చోట, అంతా నిశ్శబ్దంగా ఉండాల్సిన చోట, గోడవతల నుంచి నరసప్ప మగ్గం టకటక టకటక. హీరోయిన్ ఏడుపుకి తాళం వేసినట్టు. హరికృష్ణ భార్య మంజులత పక్కన కూర్చుని కొంగు నోట్లో పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఆయనకి నచ్చలేదు.

హిందూపురం నుంచి సాల్మన్‌ని పిలిపించారు. కల్యాణమండపాలకీ చర్చిలకీ సౌండ్ బిగించే మనిషి. బెంగళూరులో కొన్నాళ్ళు పనిచేసొచ్చాడు. కారులో దిగాడు, కళ్ళద్దాలు తీశాడు, గది నడిమధ్య నిలబడి గట్టిగా ఒక్కసారి చప్పట్లు కొట్టాడు. ఆ చప్పుడు గోడల మధ్య తిరిగి తిరిగి చచ్చింది.

"ఇది వేరే, అది వేరే సార్," అన్నాడు. "గదిలో మోత తగ్గల్లంటే గోడలకి మెత్తటి ప్యానెళ్ళు, కింద కార్పెట్ వేస్తే చాలు. బయటి చప్పుడు లోపలికి, లోపలిది బయటికి పోకుండా ఉండల్లంటే దానికి పని వేరే ఉండాది. ఆ గోడకి తగలకుండా, ఇంత ఎడం ఇచ్చి, లోపల ఇంగొక గోడ లేపల్ల. మధ్యలో దూది మాదిరి రాక్‌వూల్ నింపల్ల. ఈ సబ్‌ఊఫర్ని నేల మీద పెట్టకుండా రబ్బరు దిమ్మెల మీద పెట్టల్ల."

"గది చిన్నదయిపోతాది కదప్పా?"

"అవుతాది సార్. వెనక వరస సీట్లు పోతాయి."

వెనక వరస సీట్లు హరికృష్ణ ముచ్చటపడి కొనుక్కున్నవి. మీట నొక్కితే కాళ్ళెత్తేవి. అంగడికొచ్చే పెద్ద బేరగాళ్ళని కూర్చోబెట్టి మురిపించాలని తెచ్చినవి. "రెండో గోడ వద్దులే. ఆ మగ్గం చప్పుడు ఈడికి రాకుంటే చాలు," అన్నాడు.

"సన్న చప్పుడు ఆపుతా సార్. పైన ఆ గోడలో గాలికని వదిలిన పాత గవాక్షం పూడ్చి, ప్యానెళ్ళు కొడితే మగ్గం ఇనపడదు. అయితే మీ బరువు చప్పుడు మటుకు ఆగదు. అది గాలిలో పోయేది కాదు, గోడనీ నేలనీ పట్టుకుని పోయేది. అవతల వాళ్ళకి తెలుస్తాది."

"అవతల ఉండేది మా మామేలేప్పా. ఏమీ అనుకోడు."

అలా అన్నాడు. అయినవాళ్ళు ఏమీ అనుకోరు అనే ధీమా ఉంది చూశారా, లోకంలో సగం అన్యాయాలు దాని మీదే నడుస్తాయి.

గవాక్షం పూడ్చారు. ముదురు ఎరుపు ప్యానెళ్ళు కొట్టారు. తలుపుకి రబ్బరు అంచు అతికించారు. సాల్మన్ మళ్ళీ చప్పట్లు కొడితే ఈసారి చప్పుడు పుట్టిన చోటే పోయింది. మగ్గం మాట లేదు. మాటలు స్పష్టంగా, పాటలు మెత్తగా, యుద్ధం వస్తే కూర్చున్న సీటు అదిరేలా. హరికృష్ణ అంగడి నుంచి మధ్యాహ్నం భోజనానికొచ్చి రెండు గంటలపాటు అందులోనే ఉండేవాడు. ఆయన లేని రోజు మంజులత స్నేహితులొచ్చేవాళ్ళు. మొత్తానికి వీధి తలుపులన్నీ ఎండకి మూసుకునే వేళకి ఆ గది మోగని రోజు లేదు.

ఆ తర్వాతే నరసప్ప చీరల్లో తప్పులు మొదలయ్యాయి.

మొదటిది చిన్నది. కొంగులో నెమలి మెడ మీద అడ్డంగా సన్నని గీత. హరికృష్ణ చూసీ చూడనట్టు మడతపెట్టాడు. రెండో చీరలో రెండు చోట్ల. ఇలాంటి తప్పు ఎలా వస్తుందో హరికృష్ణకి ఎవరూ చెప్పక్కర్లేదు. మగ్గం పైన జాకార్డ్ మిషన్ ఉంటుంది, దానికి బెజ్జాలు పొడిచిన అట్టల దండ వేలాడుతూ ఉంటుంది. కాలితో తొక్కినప్పుడల్లా మిషన్ టక్కుమని లేస్తుంది. అట్ట తిరిగి కొత్త అట్ట వచ్చిందంటే వెనకాలే ఇంకో చిన్న టిక్. ఆ టిక్ రాలేదంటే అట్ట తిరగలేదని. చూపు పేక మీద ఉంటుంది కాబట్టి నేతగాడు దాన్ని చెవితోనే పట్టుకోవాలి. పట్టుకోకపోతే పాత అట్టే మళ్ళీ పడి నెమలి మెడ మీద గీత వస్తుంది. ఇన్నేళ్ళలో నరసప్ప ఆ టిక్ తప్పిపోనివ్వడం హరికృష్ణ చూడలేదు.

మూడోది పెనుకొండ వాళ్ళ పెళ్ళి చీర. పెళ్ళికూతురు తల్లి అంగట్లో కూర్చుని ఉంది. నేసిన చీరలు తెచ్చిచ్చే రోజు కావడంతో నేతగాళ్ళు కూడా వరసగా కూర్చున్నారు. పెద్దాయన వీరభద్రయ్య ఉన్నాడు, చీర మూట ఒళ్ళో పెట్టుకుని ఈరక్క ఉంది. హరికృష్ణ పరుపు మీద చీర జారవిడిచి కొంగు పరిచాడు. కొంగులో ఒక వరసలో నెమళ్ళన్నిటికీ మెడలు తెగాయి. పెళ్ళికూతురు తల్లి సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

హరికృష్ణ వరసలో కూర్చున్న నరసప్ప వైపు తిరిగాడు. "ఏంది మామా ఇది?"

నరసప్ప చీర దగ్గరికి వంగి, వేలితో తడిమి, వేలు వెనక్కి తీసుకున్నాడు. "ఈ మధ్య మిషన్ చప్పుడు సరిగా తెలీడం లేదబ్బీ," అన్నాడు నెమ్మదిగా.

"నీ చెవులు పోయినాయి మామా! పోయినాయని నీకు తెలిసీ పెళ్ళి చీర మీద కూర్చుంటివి. ఇంగ సాదా చీరలు నేసుకో, ఊరికే మంది కొంపలు ముంచద్దు."

అందరూ విన్నారు. నరసప్ప తువ్వాలు భుజం మీద సర్దుకుని, చెప్పులు వెతుక్కుని, మెట్లు దిగి పోయాడు. ఈరక్క తల దించుకుని తన మూట ముడి విప్పుతూనే ఉంది, అది ఎప్పుడో ఊడిపోయినా. ఆ సాయంత్రానికల్లా నరసప్పకి చెవులు పోయాయన్న మాట సాలె వీధులన్నీ తిరిగింది.

నాలుగు రోజులాగి, నెమళ్ళ డిజైన్ అట్టలు వెనక్కి తెచ్చుకోవడానికి హరికృష్ణ తనే నరసప్ప ఇంటికి వెళ్ళాడు. వేరేవాళ్ళని పంపితే బాగుండదనుకున్నాడు. ఒక నేతగాడి మగ్గం మీంచి అట్టలు దించుకుపోవడం అంటే ఆయన మొహం మీద తలుపు వేయడమే, కనీసం వేసేవాడు ఎదురుగా ఉండాలి కదా.

నరసప్ప భార్య కుళ్ళాయమ్మ ఇంట్లో లేదు. బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది, గిన్నెలవీ కడుక్కుని వచ్చేసరికి నాలుగవుతుంది. నరసప్ప ఒక్కడే మగ్గం దగ్గర కూర్చుని సాదా చీర నేస్తున్నాడు. హరికృష్ణని చూసి, ఎందుకొచ్చాడో అడక్కుండానే, ఏ కోపమూ లేకుండా లేచి, గ్లాసులో మంచినీళ్ళు ఇచ్చి, చాప చూపించాడు. "కూర్చో అబ్బీ. ఒక్క బారెడు నేసి, అట్టలు నేనే దించి ఇస్తా."

హరికృష్ణ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. మగ్గం టకటకలాడుతోంది. అప్పుడు మొదలైంది.

గుమ్మ్... గుమ్మ్... గుమ్మ్...

చెవికి కాదు, ముందు నడుముకి తెలిసింది. కింద బండలోంచి వచ్చింది. గ్లాసులో నీళ్ళ మీద సన్నని వలయాలు లేచాయి. పైన జాకార్డ్ మిషన్‌లో వేలాడే ఇనప కొక్కేలన్నీ ఒకదాన్నొకటి తాకి జుయ్యిమంటున్నాయి. హరికృష్ణకి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత గోడవైపు చూశాడు. ఈరోజు మంజులత స్నేహితులు సినిమాకి వస్తామన్నారు. గోడవతల తన గది. మాట ఒక్కటి వినపడడం లేదు, పాట ఒక్కటి వినపడడం లేదు. అది సినిమా అని ఎవరూ అనుకోరు. పాట లేదు, మాట లేదు, బరువు ఒక్కటే గోడ దాటి వచ్చి మగ్గం నిండా కూర్చుంది. ఆ జుయ్యిలో అట్ట తిరిగిన టిక్ వినడం దేవుడికి కూడా సాధ్యం కాదు.

నరసప్ప నేత ఆపాడు. చిటికెన వేలు చెవిలో పెట్టుకుని గట్టిగా కదిపాడు.

"చూడబ్బీ, మళ్ళా వచ్చినాది. పొద్దున్నుంచి బాగుంటాది, మధ్యాహ్నం అన్నం తిని కూర్చుంటే చాలు, చెవిలో ఇట్లా గుమ్మంటాది. హిందూపురం డాక్టరు చుక్కల మందిచ్చినాడు. ఎన్ని పోసినా పోలేదు." వేలు తీసి హరికృష్ణ మొహంలోకి చూశాడు. "నీకేమన్నా ఇనపడతాండాదా?"

ఆ కళ్ళలో ఆశ ఉంది. హరికృష్ణకి అది స్పష్టంగా కనపడింది. ఉందని ఒక్క మాటంటే చాలు. కానీ ఉందంటే ఎక్కడి నుంచని అడుగుతాడు. పెనుకొండ చీర గుర్తొచ్చింది, అంగట్లో తను వేసిన కేక గుర్తొచ్చింది, తలవంచుకున్న ఈరక్క గుర్తొచ్చింది, సాల్మన్ చెప్పినా వద్దన్న రెండో గోడ గుర్తొచ్చింది. అదంతా ఒక్కసారి తన నెత్తిన పడేలా కనిపించింది.

"లేదు మామా. నాకేం ఇనపళ్ళేదు," అన్నాడు.

నరసప్ప తల ఊపాడు. మిషన్ మీంచి అట్టల దండ జాగ్రత్తగా దించి, చిక్కు పడకుండా చుట్టి, పాత చీర ముక్కతో కట్టి హరికృష్ణ చేతుల్లో పెట్టాడు.

ఆ రోజు నుంచి హరికృష్ణకి తిన్నది ఒంటికి పట్టలేదు. మంజులతతో చెప్పలేదు. చెబితే, అప్పుడే చెప్పకపోయావా అంటుంది. అంగట్లో ఎవరన్నా నరసప్ప పేరెత్తితే తేలు కుట్టిన దొంగలా గల్లా దగ్గర కాగితాలు సర్దుకునేవాడు. సినిమా గదిలోకి తను వెళ్ళడం మానేశాడు, మంజులత స్నేహితులు మాత్రం వస్తూనే ఉన్నారు. ఎందుకు రావడం లేదని మంజులత అడిగితే సౌండ్ బాలేదన్నాడు. ఆ ఒక్కటీ నిజం.

తర్వాత ఒక ఉపాయం తోచింది. తప్పు చేసినవాడికి ఉపాయాలు తొందరగా తోస్తాయి. సాల్మన్‌ని మళ్ళీ పిలిచి రెండో గోడ కట్టించేస్తే చప్పుడు ఆగిపోతుంది. చప్పుడు ఆగితే మామ చెవి బాగైపోయినట్టే. ఆయన నెమళ్ళ అట్టలు మళ్ళీ మగ్గం మీదికెక్కిస్తాడు. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, ఎవరూ చిన్నబోవక్కర్లేదు.

సాల్మన్ వచ్చాడు. "నేను ఆ పొద్దే చెప్తి కద సార్," అన్నాడు. ఆ మాట ఇంకెవరన్నా ఆయనతో అంటే కొట్టేవాడేమో, సాల్మన్ అంటే మాత్రం పడ్డాడు. గోడకి తగలకుండా ఇనప చట్రం లేపి, మధ్యలో రాక్‌వూల్ కూరి, పైన రెండు పొరల బోర్డులు బిగించారు. నేలంతా రబ్బరు పరిచారు. సబ్‌ఊఫర్ దిమ్మెల మీదికెక్కింది. వెనక వరస సీట్లు హరికృష్ణ తనే దగ్గరుండి మోయించి మిద్దె మీద గోనె పట్టా కప్పించాడు.

పని పూర్తయిన వారానికి వీధిలో కుళ్ళాయమ్మ కనిపించింది.

"మామ చెవి ఎట్లుండాది అత్తా?" అని అడిగాడు, అప్పటికే జవాబు తెలిసినవాడిలా.

"చెవి బాగైనాదంటాండాడు. ఇంగ గుమ్మడం లేదంట." ఆమె మొహంలో సంతోషం లేదు. "అన్నం తింటేనే వస్తాదని మధ్యాహ్నం తిండి మానేసినాడు గదా. మొదట్లో మానినా వచ్చినాదంట. పట్టు విడవకుండా ఉంటే ఇప్పుడు పోయిందంట. మనిషి ఎండిపోయినాడబ్బీ, ఎంత చెప్పినా మెతుకు ముట్టడు. తింటే మళ్ళా వస్తాదని భయం."

"అయితే పెళ్ళి చీర పని పంపిస్తా అత్తా, చెవి బాగైనాది గదా," అన్నాడు హరికృష్ణ.

"ఇంగేం పని? మగ్గం ఇచ్చేస్తాండాడు. ముదిగుబ్బ నుంచి సోమవారం మనిషొచ్చి పీక్కోని పోతాడు. హిందూపురంలో ఏదో ఫ్యాక్టరీ దగ్గర వాచ్‌మన్ పని చూసుకున్నాడు. నేనంటే ఇంటాడా? ఒకసారి పోయిన చెవి మళ్ళా పోదా, పట్టు మీద ప్రయోగం చేయకూడదంటాడు. హరి నోటితోనే అనిపించుకున్నాక ఇంగేం ముఖం పెట్టుకుని కూర్చునేది అంటాడు." అని, అతని మీద నిష్ఠూరమేదీ లేనట్టే, చేతి సంచి సర్దుకుని వెళ్ళిపోయింది.

ఇలాంటప్పుడు ఏ మనిషైనా వెంటనే వెనకాలే పరిగెత్తాలి. హరికృష్ణ రెండు రోజులు తాత్సారం చేశాడు. ఆదివారం మధ్యాహ్నం, ఇంక సోమవారం తప్ప గడువు లేదని తెలిశాక, నరసప్ప ఇంటి గడప తొక్కాడు.

మగ్గం సగం విప్పి ఉంది. జాకార్డ్ మిషన్ కింద దించి గోనెసంచి మీద పెట్టారు. నరసప్ప తాళ్ళు చుట్టలు చుడుతున్నాడు. చొక్కా లేని ఒంటి మీద ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. కుళ్ళాయమ్మ వంటింటి గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది.

"మగ్గం ఇయ్యద్దు మామా," అన్నాడు హరికృష్ణ నిలబడే. "నీ చెవులకి ఏమీ కాలేదు. ఆ గుమ్మనే చప్పుడు నాది. మా సినిమా గదిది. గోడలోంచి వచ్చినాది. నేను గోడ కట్టించినాక ఆగిపోయినాది. నీ తప్పు ఏమీ లేదు మామా."

నరసప్ప తాడు చుట్టడం ఆపి, అతన్ని చూసి, నవ్వాడు. పిల్లవాడు అబద్ధమాడితే పెద్దవాళ్ళు నవ్వే నవ్వు. "సినిమా అయితే పాటలు ఇనపడవా? మాటలు ఇనపడవా? నా చెవిలో ఉన్నది నాకు తెలీదా?"

"నిజం మామా. ఒట్టు."

"అయితే పోయి పెట్టు. నేను ఈడే కూర్చుంటా."

హరికృష్ణ ఇంటికి పరిగెత్తాడు. సినిమా గది తలుపు తీశాడు. యుద్ధం ఉన్న సినిమా వెతికి, సౌండ్ చివరిదాకా పెంచాడు. ఫిరంగులు పేలుతుంటే గది గది లాగా లేదు. తలుపు మూసి మళ్ళీ పరిగెత్తుకొచ్చాడు, ఆయాసంతో.

నరసప్ప గోడకి చెవి ఆనించి కూర్చుని ఉన్నాడు. కుళ్ళాయమ్మ చాట పక్కన పెట్టి వింటోంది. వీధిలో ఎవరో సైకిల్ తొక్కుకుంటూ పోయిన చప్పుడు వినపడింది. వంటింట్లో కుళాయి బొట్టు పడింది. గోడలోంచి ఏమీ రాలేదు. సాల్మన్ పని అంత పక్కాగా చేశాడు. తన తప్పుకి ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ హరికృష్ణ తన చేతులతోనే పూడ్పించేశాడు.

"ఏదబ్బీ?" అన్నాడు నరసప్ప, మెత్తగా. "నా మీద జాలితో చెప్తాండావు. ఆ పొద్దు అన్న మాటకి బాధపడతాండావు, నాకు తెలుసు. నేను మనసులో ఏమీ పెట్టుకోలేదులే. పో, ఇంటికి పో."

"కాదు మామా..."

"ఆ పొద్దు గుమ్మన్నప్పుడు నువ్వు ఈడ, ఈ చాప మీదే ఉంటివి. నేను అడిగితిని. ఏమీ ఇనపళ్ళేదంటివి. నీవి చిన్న వయసు చెవులు. గోడలోంచి వచ్చింటే నీకు ఇనపడకుండా పోతాదా?"

హరికృష్ణ చాప మీద కూలబడ్డాడు. ఇంక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు.

"ఇనపడినాది మామా," అన్నాడు. "బాగా ఇనపడినాది. చేతిలో నీళ్ళు వణికినాయి. నీ మిషన్ కొక్కేలు జుయ్యిమన్నాయి. అంతా తెలిసింది. తెలిసే లేదన్నా."

ఈసారి నరసప్ప నవ్వలేదు. అబద్ధం చెప్పినానని ఎవరూ అబద్ధం చెప్పరు. ఆ మాట ఆయనలోకి దిగడం హరికృష్ణ చూశాడు. చుట్ట చుట్టిన తాడు చేతిలోంచి జారింది. నరసప్ప రెండు చేతులతో రెండు చెవులూ పట్టుకున్నాడు, అవి అక్కడే ఉన్నాయా అని చూసుకున్నట్టు.

"అయితే నా చెవులు బాగుండాయా?"

"బాగుండాయి మామా."

"ఏమే, ఇన్యావా? నా చెవులు పోలేదంట!" అని భార్యవైపు తిరిగి అరిచాడు. అరిచి, చిన్నపిల్లవాడిలా ఏడ్చేశాడు. తిట్టడానికొస్తాడనుకుని తల వంచుకున్న హరికృష్ణ, ఆ సంతోషం చూడలేక ఇంకా కిందికి వంగిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. నాలుగు కొట్టి ఉంటే ఇంకా బాగుండేది.

కుళ్ళాయమ్మ ఏడవలేదు. లేచి వచ్చి హరికృష్ణ ముందు నిలబడింది. "ఎందుకబ్బీ లేదన్యావు?"

"తిడతాడని భయపడినా అత్తా."

"నేనా?" అన్నాడు నరసప్ప కళ్ళు తుడుచుకుంటూ. "నిన్నా? ఒక్క మాట చెప్పింటే మధ్యాహ్నం పండుకుని, చల్లపొద్దున నేసుకుంటా ఉంటిని గదబ్బీ. నీ సినిమా నువ్వు చూసుకుంటా ఉంటివి."

హరికృష్ణ కింద పడిన తాడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మామా, మగ్గం మళ్ళా నిలబెడదాం," అని గొణిగాడు.

"మగ్గం నేను నిలబెట్టుకుంటా. ముదిగుబ్బ వాడికి రావద్దని ఫోన్ చేస్తా," అన్నాడు నరసప్ప. గొంతు అప్పటికి కుదుటపడింది. "నువ్వు చేయాల్సింది వేరే ఉండాది. చెవులు పోయినాయన్న మాట అందరి ముందర అంటివి. ఊరంతా తిరిగింది. ఇదీ అందరి ముందర చెప్పు. ఇంట్లో నా ఒక్కనికి చెప్తే ఏమొస్తాది?"

మళ్ళీ చీరలు తెచ్చిచ్చే రోజున అంగడి నిండింది. వీరభద్రయ్య వచ్చాడు, ఈరక్క వచ్చింది. నరసప్ప అందరి వెనక, తలుపు దగ్గర కూర్చున్నాడు, ఉతికిన చొక్కా వేసుకుని. హరికృష్ణ గల్లా దగ్గర్నుంచి లేచి నిలబడ్డాడు. పొద్దున్నుంచీ మనసులో వల్లె వేసుకున్నదంతా అప్పజెప్పాడు. తన ఇంట్లో సినిమా గది చప్పుడు గోడలోంచి మామ మగ్గం మీదికి పోయిందనీ, నెమలి మెడలు తెగింది తన వల్లేననీ, మామ చెవులు తన చెవులకంటే బాగున్నాయనీ చెప్పాడు. వీరభద్రయ్య అయ్యయ్యో అన్నాడు. ఈరక్క, "తెలీక జరిగినాదిలే అన్నా, దానికేముంది," అంది.

తెలీక అన్న మాట దగ్గర హరికృష్ణకి గాలి పీల్చుకున్నట్టయింది. అక్కడితో కూర్చోబోయాడు.

"ఇంగొకటి ఉండాది గదబ్బీ," అన్నాడు నరసప్ప తలుపు దగ్గర నుంచి.

హరికృష్ణ సగం కూర్చున్నవాడు మళ్ళీ లేచాడు. పరుపు మీద పరిచిన చీర వైపు చూస్తూ, తెలిసి కూడా దాచిన సంగతి చెప్పాడు. మామ పక్కనే కూర్చుని విన్నాననీ, నీకు వినపడుతోందా అని ఆయన అడిగితే మొహం మీదే లేదన్నాననీ, ఆ లేదన్న మాట పట్టుకునే ఆయన తిండి మానేశాడనీ, మగ్గం విప్పేశాడనీ.

ఆ మాటలు అయ్యాక ఒక్కరూ అతని మొహంలోకి చూడలేదు. ఈరక్క చీర మూట దగ్గరికి లాక్కుంది. వీరభద్రయ్య కళ్ళద్దాలు తీసి పంచెతో తుడుస్తూ కూర్చున్నాడు. నరసప్ప ఒక్కడే చూశాడు.

తర్వాత లేచి ముందుకొచ్చి, పరుపు పక్కన నిలబడ్డాడు.

"పెళ్ళి చీర పడుగు ఎప్పుడు పంపిస్తావబ్బీ?" అన్నాడు.

హరికృష్ణ అలమరలోంచి నెమళ్ళ అట్టల దండ తీసి ఆయన చేతుల్లో పెట్టాడు. "రేపు పొద్దున నేనే తెచ్చిస్తా మామా," అన్నాడు.